లెక్కకెక్కని కష్టము

పోయిన శ్రావణమాసమున ఒకనాటి సాయంకాలము హైదరాబాదులో కుండపోతగా వాన కురియుచుండెను. జ్వరముతో పడియున్న మా మనుమరాలికి మందులు కావలసివచ్చి, మా కోడలు సెల్ ఫోనులోని యాప్ ద్వారా వానిని తెప్పించెను. ఇరువది నిమిషములలో వచ్చునని యాప్ చెప్పినది. నలుబది నిమిషములకు గాని రాలేదు. నాల్గవ అంతస్తున మా వాకిట నిలిచిన కుర్రవాని యొడలెల్ల తడిసి నీరు కారుచుండెను. మందుల పొట్లము మాత్రము ప్లాస్టిక్ సంచిలో పొడిగా నున్నది. నేను కసరుటకు నోరు తెరచునంతలో నతడు చేతులు జోడించి, "సార్, రేటింగు తక్కువియ్యకుండ్రి" అనెను.

ఏమి జరిగినదని యడిగితిని. మా వీధి మొగను మంచినీటి గొట్టములకై త్రవ్వి అప్పటికి పదిదినములైనది. ఆ సంగతి మా కాలనీలో పసిపిల్లలకు సైతము తెలియును. కంపెనీవారి పటమునకు తెలియదు. పటము చూపిన దారినే వచ్చి, గోతికడ నాగి, బండిని బురదలో అర కిలోమీటరు త్రోసికొనుచు చుట్టు తిరిగి చేరెనట. "ఆ సంగతి కంపెనీవారికి తెలుపరాదా, బాబూ?" అంటిని. అతడు మారుమాటాడక ఫోను నా చేతికిచ్చెను. ఆలస్యమెంతయో వ్రాయుటకు అందులో గడి గలదు. కొన్నవా రిచ్చు నక్షత్రములకు గడి గలదు. ఆనాడు ఎన్ని ఆర్డర్లు వలదన్నాడో ఆ లెక్కకు గడి గలదు. వీధిలో గోయి యున్నదని చెప్పికొనుటకు మాత్రము గడి లేదు.

చదువరులారా, నేనీ వ్యాసమున వాదింపదలచిన విషయమంతయు ఆ లేని గడిలోనే యున్నది.

సరకులు చేరవేయు కంపెనీలు నేడు తమ వ్యాపారమును డేటా ఎనలిటిక్స్ అను విద్యచేత నడుపుకొనుచున్నవి. పేరు క్రొత్తదియే గాని పని పాతది. మన యూరి వర్తకుడు చిట్టాలో నానాటి పద్దులు వ్రాసి, వానిని ఆవర్జాకెక్కించి, ఏ సరకు ఏ నెలలో అమ్ముడుపోవునో కనిపెట్టెడివాడు. ఇప్పుడు ఆ చిట్టాను యంత్రము వ్రాయుచున్నది. ఏ బండి ఎచ్చట నున్నది, ఎంత వేగమున పోవుచున్నది, ఎవడు ఎన్ని నిమిషములు నిలిచెను, ఏ వీధివారు ఏ వేళ ఏమి కోరుదురు అను పద్దులు క్షణక్షణమునకు పడుచున్నవి. రేపు ఎందరిని పనిలోనికి పిలువవలెను, ఏ పేటలో గిడ్డంగి తెరువవలెను, ఎవనికి పని యియ్యవలెను, ఎవనిని తొలగింపవలెను అను నిర్ణయములన్నియు ఆ పద్దులనుండియే పుట్టుచున్నవి.

నేను లెక్కలకు శత్రువను గాను. లెక్క లేని సంస్కరణము ఉపన్యాసముగానే ముగియునని యెరిగినవాడను. లెక్కవలన మేలు కలుగదని వాదించువాడు అమెరికా దేశపు యు. పి. ఎస్. కంపెనీ చరిత్రము చూడవలెను. 1907లో సియాటిల్ పట్టణమున పుట్టిన యా సంస్థ, తన బండ్లు నడువవలసిన దారులను లెక్కకట్టుటకు 2003లో యత్నమారంభించి, ఒరయన్ అను గణనవిధిని నిర్మించి, 2016 నాటికి ఆ దేశములోని తన 55,000 దారులకు వర్తింపజేసెను. ఒక్క డ్రైవరు దినమునకు 120 గుమ్మములకు పోవలెననుకొందము. ఆ గుమ్మములను ఏ వరుసలో తట్టవచ్చునో గుణించి చూచినచో వచ్చు సంఖ్యకు 199 అంకెలుండును. మనుష్యబుద్ధి అన్నిటిని తరచి చూడజాలదు. యంత్రము సైతము అన్నిటిని చూడదు గాని, మంచిదారిని త్వరగా వెదకగలదు. అమెరికాలో బండ్లు కుడిప్రక్కను పోవును గనుక, ఎడమకు మలుగవలెనన్న ఎదురుబండ్లు తొలగువరకు నిలిచి చమురు తగులబెట్టవలెను. అందుచేత ఎడమ మలుపులను వీలైనంత తప్పించిరి. ఈ యేర్పాటులవలన ఏటేట సుమారు 10 కోట్ల మైళ్ల ప్రయాణమును, కోటి గ్యాలనుల చమురును మిగులునని ఆ కంపెనీ లెక్క చెప్పినది. చమురు మిగులుట దేశమునకు మేలు. పొగ తగ్గుట లోకమునకు మేలు. ఇందులో తప్పుపట్టవలసినది లేదు.

అయితే ఆ విజయమెట్లు వచ్చినదో విచారింపుడు. బజారున దొరకు పటములు చాలక, తమ పటములను తామే సరిచేసికొనవలసి వచ్చినది. గణితము ఉత్తమమని చూపిన దారి డ్రైవరునకు ఇటునటు పరుగెత్తించు చిక్కుదారిగా తోచినప్పుడు, అలవాటైన వరుసకు గూడ లెక్కలో చోటియ్యవలసి వచ్చినది. అనగా వీధి నెరిగిన మనుష్యుని నోట విన్నప్పుడే ఆ లెక్క పనికివచ్చినది. ఆ కంపెనీలోనే బండ్లయందు యంత్రములు పెట్టి డ్రైవరు సీటుబెల్టు ఎప్పుడు కట్టెను, తలుపెప్పుడు తెరచెను, బండి నెప్పుడు వెనుకకు నడిపెను అని లెక్కింప నారంభించినప్పుడు కార్మికులు కలతపడిరి. 2023లో వారి సంఘము కుదుర్చుకొన్న ఒప్పందమున, డ్రైవరు ముఖమువైపు త్రిప్పిన కెమెరాలు ఉండరాదని వ్రాయించుకొనిరి. క్రొత్తగా కొను బండ్లలో ఎండవేడిమికి చల్లదనపు యంత్రములు పెట్టవలెనని గూడ వ్రాయించుకొనిరి. వేగమును కొలుచుటకు అన్ని సాధనములు గల బండిలో వేడిమినుండి కాపాడు సాధనమునకై కార్మికులు పోరవలసి వచ్చినదన్నచో, కొలబద్ద ఎవరి చేతిలో నుండునో, ఆ కొలబద్దకు ఏవి కానవచ్చునో వేరుగ చెప్పనేల?

కావున నా తగవు అంకెలతో గాదు. ఏమి లెక్కింపవలెనను ప్రశ్న ఎవరు వేయుచున్నారు? లెక్క తప్పినదని చెప్పుటకు ఎవరికి హక్కు గలదు? ఈ రెండు ప్రశ్నలతోనే నా తగవు.

ఇది నేటి తగవు గాదు. ఫ్రెడరిక్ టేలరు అను ఇంజనీరు 1911లో ప్రకటించిన గ్రంథమున, ఒక ఉక్కు కార్ఖానాలో ఇనుపదిమ్మలు మోయువాడు దినమునకు 12½ టన్నులకు మారుగా 47½ టన్నులు మోయునట్లు తాను చేసితినని గర్వముతో వ్రాసికొనెను. కూలి 1 డాలరు 15 సెంట్లనుండి 1 డాలరు 85 సెంట్లకు పెరిగినదట. పని నాలుగింతలకు చేరువ. కూలి రెండింతలైన గాలేదు. ఇదియే శాస్త్రీయమైన పద్ధతియని లోకమునకు బోధించిరి. ఆ సంవత్సరమే వాటర్‌టౌను ఆయుధాగారమున స్టాప్ వాచి పట్టుకొని తమ వెనుక నిలిచినందుకు పోతపనివారు పని మాని బయటకు వచ్చిరి. విచారణ జరిగి, 1915లో అమెరికా శాసనసభ ప్రభుత్వ ఆయుధాగారములలో అట్టి కొలతలకు ధనము వెచ్చింపరాదని కట్టడి చేసినది. నాడు గడియారము పట్టుకొన్న మేస్త్రీని పనివాడు కంటితో చూడగలిగెను, వానితో వాదింపగలిగెను. నేటి మేస్త్రీ కుర్రవాని జేబులోనే కూర్చున్నాడు. వానికి ముఖము లేదు, చెవులును లేవు.

వేగమును ప్రతిజ్ఞగా అమ్ముకొన్నచో ఏమగునో చెప్పు దృష్టాంతమొకటి గలదు. 30 నిమిషములలో పిజ్జా చేర్చెదము, లేనిచో సొమ్ము పుచ్చుకొనమని డామినోస్ కంపెనీవారు అమెరికాలో ఒకప్పుడు ప్రకటించుకొనిరి. 1989లో సెయింట్ లూయీ నగరమున వారి డ్రైవరొకడు ఎర్రదీపము దాటి వచ్చి ఒక స్త్రీని గాయపరచెను. ఆమె వ్యాజ్యము తెచ్చెను. 1993 డిసెంబరులో జ్యూరీ వారు సుమారు 7 కోట్ల 90 లక్షల డాలర్ల పరిహారము విధించిరి. ఆ నెలలోనే కంపెనీవారు ఆ ప్రతిజ్ఞను మానుకొనిరి. ముప్పది నిమిషములలో చేరిన పిజ్జాలెన్నియో వారి లెక్కలో చక్కగా నుండియే యుండును. ఎర్రదీపముకడ ఆగిన నిమిషములకును, ఆగనందువలన విరిగిన యెముకలకును మాత్రము న్యాయస్థానము చెప్పువరకు గడి లేకపోయెను. చార్లెస్ గుడ్‌హార్టు అను ఆంగ్లేయ అర్థశాస్త్రజ్ఞుడు 1975లో చెప్పిన మాట యొకటి గలదు. దాని సారమేమనగా, ఒక కొలతను శాసించుటకు వాడుకొన నారంభించినంతనే అది నమ్మదగిన కొలతగా నుండదు. "నిదానమే ప్రధానము" అని మన పెద్దలు అనుభవముచేత చెప్పినదియు ఇదియే.

"ఇవి పాతకథలు; యంత్రమునకు పక్షపాతము లేదు, అది అందరిని ఒక్క తీరున చూచును" అని కొందరు విద్యావంతులందురు. ఈ వాదమునకు ఇటలీ దేశములోని బొలోన్యా న్యాయస్థానము 2020 డిసెంబరు 31వ తేదీన సమాధానము చెప్పినది. డెలివరూ అను భోజనములు చేరవేయు కంపెనీ ఆ దేశమున తన పనివారికి రెండు మార్కులు వేసెడిది. ఒప్పుకొన్న వేళకు వచ్చెనా యనునది యొకటి. గిరాకి హెచ్చుగనుండు వారాంతపు రాత్రులలో వచ్చెనా యనునది రెండవది. మంచి మార్కులు గలవారు సోమవారము 11 గంటలకే మరుసటి వారపు పనివేళలను కోరుకొనవచ్చును. తక్కినవారు 3 గంటలకు గాని, 5 గంటలకు గాని మిగిలినవానిని ఏరుకొనవలెను. చూచుట కిది న్యాయముగనే యున్నది. అయితే ఒప్పుకొన్న వేళకు రానివాడు ఏల రాలేదు? జ్వరమువలననా? బిడ్డకు జబ్బు చేసినందువలననా? చట్టమొసగిన సమ్మెహక్కు నుపయోగించినందువలననా? ఊరక సోమరితనముచేతనా? యంత్రమడుగలేదు, అందరికి ఒక్క తీరుననే మార్కు తగ్గించెను. ఆ సమత్వమే యన్యాయమని న్యాయస్థానము తేల్చి, వ్యాజ్యము తెచ్చిన కార్మిక సంఘములకు 50,000 యూరోలు చెల్లింపుమని యాజ్ఞాపించెను. కంపెనీవారు ఆ పద్ధతి నప్పటికే మానివేసియుండిరి. ఆ తీర్పులో నొక సంగతి మన మనస్సున నాటదగినది. యాప్ చెడిపోయినప్పుడు, పనిలో గాయపడి వెంటనే రావలసిన వేళకు రాలేకపోయినప్పుడు, ఆ కంపెనీ మార్కును సరిదిద్దెడిది. అనగా తలచుకొన్నప్పుడు తన కంటి గంతలు తీసికొనగలదు. తక్కిన సమయములందు కట్టుకొనియుండుట తానెంచుకొన్న దారియే.

యంత్రమునకు పక్షపాతము లేదను మాట నిట్లు పరీక్షింపవలెను. గడులు గీసినవాడు యంత్రము గాదు, మనుష్యుడు. ఏ గడి వలదని విడిచిపెట్టెనో, అదియే అతని పక్షపాతము.

మరికొందరు, "ఇష్టము లేనిచో మానుకొనవచ్చును గదా? ఎవరు బలవంతపెట్టిరి?" అందురు. ఒకప్పుడు మన యిండ్లలో పనివారి కష్టమును గూర్చి మాటవచ్చినప్పుడెల్ల ఈ సమాధానమే వినవచ్చెడిది. బండికి అప్పు కట్టవలసినవాడును, ఇంటికి నెలనెల పంపవలసినవాడును ఏమి మానుకొనును? నీతి ఆయోగ్ వారు 2022లో ప్రకటించిన నివేదికలో ఇట్టి గిగ్ పనివారు 2020-21లో మన దేశమున 77 లక్షలమంది యుండిరని అంచనా వేసిరి. 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలమంది కాగలరనిరి. ఇంతటి జనసమూహమునకు "మానుకొనుడు" అను నొక్కమాటను ధర్మశాస్త్రముగా చెప్పుట పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అన్నట్లున్నది.

"గడులు పెంచినచో ఖర్చు పెరుగును, కంపెనీ నష్టపడును" అనువారును గలరు. ఈ మాట లెక్కలు తెలిసినవా రనదగినది గాదు. వీధి మొగను గోయి యున్నదని మొదటి కుర్రవాడు చెప్పుకొనగలిగియుండిన, రెండవవాడు వేరుదారిని వచ్చియుండును. పదిదినములలో ఎందరు ఆ గోతికడ నాగి వెనుకకు మరలిరో, ఎంత పెట్రోలు వ్యర్థమైనదో ఆ కంపెనీకి నేటికిని తెలియదు. తెలియకపోవుటకు కారణము, ఆలస్యమంతయు కుర్రవాని ఖాతాకు వ్రాసి తృప్తిపడుటయే. నేరము మోపుటకై వ్రాసిన లెక్క తప్పును దిద్దజాలదు. కార్మికుని నోరు మూయించిన వ్యాపారి తన చెవులే మూసికొనుచున్నాడు.

శాసనములు మెల్లగా మేలుకొనుచున్నవి. 2021లో స్పెయినువారు, పనిని నిర్ణయించు గణనవిధుల నియమములను కార్మికుల ప్రతినిధులకు తెలుపవలెనని శాసించిరి. కాలిఫోర్నియాలో 2022 జనవరి 1వ తేదీనుండి, గిడ్డంగులలో పనివారికి ఎంత పని విధించిరో వ్రాతపూర్వకముగ తెలుపవలసి యున్నది. భోజనమునకు, విరామమునకు, కాలకృత్యములకు అడ్డువచ్చు విధింపు చెల్లదు. కాలకృత్యముల మాట శాసనమున కెక్కవలసి వచ్చినందుకు నాగరికత తల వంచుకొనవలెను. మన దేశమున 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చి, ఈ పనివారిని చట్టము కంటికి కనబడునట్లు చేసినది. దేశమున మొదటగా రాజస్థానము 2023లో ప్రత్యేక చట్టము చేసెను. 2025లో కర్ణాటకము చేసిన చట్టము, తమపై తీర్పు చెప్పు యంత్రపు నియమములను గూర్చి తెలిసికొను హక్కును పనివారి కిచ్చినది. ఆ యేడే తెలంగాణా ప్రభుత్వమును ఇట్టి బిల్లు ముసాయిదాను ప్రజల ముందుంచెను. నిధులు, భీమాలు మంచివే. అయితే గాయపడిన పిదప నిచ్చు సొమ్ముకంటె, గాయపరచు లెక్కను ముందే ప్రశ్నించు హక్కు గొప్పది.

ఆ హక్కు నాలుగు విధముల నుండవలెనని నా మనవి. మొదటిది, ఆలస్యమునకు గడి యున్నచోట కారణమునకును గడి యుండవలెను. వాన, గోయి, మూసిన గేటు, ఆలస్యముగ వండిన వంట, ఇవన్నియు అందు చేరవలెను. రెండవది, ఏ మార్కునుబట్టి పని దొరకునో, ఏ మార్కునుబట్టి పోవునో ముందుగా తెలుగులో, చదువు తక్కువవానికి సైతము తెలియునట్లు చెప్పవలెను. మూడవది, ఎవనినైన తొలగించునప్పుడు పేరుగల మనుష్యుడొకడు అతని మాట విని, తన సంతకముతో తీర్పు చెప్పవలెను. నాల్గవది, నిమిషముల లెక్క వ్రాసిన పుటయందే గాయముల లెక్కయు వ్రాసి ప్రకటింపవలెను. ఈ నాలుగును జరిగినచో ఆ విద్యకు మొదట నమస్కరించువాడను నేనే.

ఇంతవరకు కంపెనీలను దూషించితిని, అది సులభము. ఇక మన యిండ్లలోనికి వత్తము.

నక్షత్రములు వేయుచున్నది మనమే. అన్నము చల్లారినదని, వాకిట చిరునవ్వు నవ్వలేదని, మన యింటిపేరు తప్పుగ పలికెనని రెండు నక్షత్రములు వేసి మరచిపోవుదుము. మనకది వేలిచివరి పని. వానికది రేపటి కూలి. ఏ న్యాయాధిపతియు నేరస్థుని మాట వినక శిక్ష వేయడు. మనము మాత్రము సోఫాపై కూర్చుండి దినమునకు రెండు శిక్షలు వేయుచున్నాము. ఉప్పు నిండుకొన్నదని సాయంకాలమే తెలిసినను, పోపు వేయునప్పుడు పది నిమిషములలో కావలెనందుము. మన మరపునకు జరిమానా చెల్లించుచున్నవాడు వేరొకడు.

నేను మరుగుపరచిన సంగతి యొకటి గలదు. ఆ కుర్రవాడు ఆలస్యముగ వచ్చుటకు గోయి యొక్కటియే కారణము గాదు. మా అపార్టుమెంటులో డెలివరీవారు లిఫ్టు వాడరాదని పలక వ్రేలాడుచుండెను. జ్వరపు మందులతో అతడు నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చెను. ఆ పలక పెట్టవలెనను తీర్మానముపై సంతకము చేసినవారిలో నేనొకడను. పనివారికి వేరు గ్లాసు పెట్టు దురాచారమును ఖండించుచు సభలలో మాటలాడిన నోటితోనే, వేరు మెట్లు చూపు తీర్మానమునకు సరేయంటిని. కంపెనీ లెక్కలో గోతికి గడి లేనట్లే, నా నీతిలో ఆ మెట్లకు గడి లేకపోయెను.

ఆ రాత్రి అతనికి అయిదు నక్షత్రములు వేసితిని. వేసిన పిదప సిగ్గు కలిగినది. దయతో వేసిన అయిదును, కోపముతో వేసిన రెండును ఒక్క తప్పుడు లెక్కలోని పద్దులే. నా నక్షత్రములు ఆ గోతిని పూడ్చలేదు; ఆ మెట్లను తగ్గింపలేదు. మా సంఘ సమావేశమున ఆ పలక తీయవలెనని ప్రస్తావించితిని. శుభ్రతయని యొకరు, దొంగల భయమని యొకరు, ఆనవాయితీయని యొకరు అడ్డు చెప్పిరి. మూడు సమావేశములు జరిగిన పిమ్మట రెండు వోట్ల ఆధిక్యముతో పలక తీసిరి. ఇప్పుడు లిఫ్టుకడ మేకు మాత్రము మిగిలియున్నది.

చదువరులారా, మీ అపార్టుమెంటులోను అట్టి పలక యున్నదేమో ఈ పూట క్రిందికి దిగి చూడుడు.